బంగారంలోని డెబ్బై తొమ్మిదిని ఎవరు లెక్కపెట్టారు?

సికింద్రాబాద్ పాట్ మార్కెట్ లాంటి నగల బజారులో అమ్మ నాటి పాత గాజులు మార్చుకోవడానికి వచ్చిన ఆవిడ ముందుగా అడిగే మాట ఒకటే. "గీటు పెడతారా బాబూ? అరిగిపోదు కదా?" కౌంటర్ వెనకున్న కుర్రాడు తల అడ్డంగా ఊపుతాడు. "గీటు లేదమ్మా, మిషన్లో పెట్టి చూస్తాం. రవ్వంత కూడా పోదు." మైక్రోవేవ్ అవెన్ అంతటి పెట్టె మూత తెరిచి, లోపలున్న చిన్న కన్నం మీద గాజును సరిగ్గా కూర్చోబెట్టి మూత వేస్తాడు. కాసేపటికి కంప్యూటర్ తెర మీద ఒక గీత కొండలు కొండలుగా లేస్తుంది. దాని పక్కన అంకెలు: బంగారం 91.7, వెండి 4.1, రాగి 4.2. ఆవిడ ఊపిరి పీల్చుకుంటుంది. 22 క్యారెట్లే, అమ్మ మోసపోలేదు.

తరతరాలుగా కంసాలి చేతిలో ఉన్నది ఒరగల్లు. నల్లటి రాతి మీద నగతో ఒక గీటు గీసి, వన్నె తెలిసిన పుల్లతో పక్కనే ఇంకో గీటు గీసి, రెండింటి మీదా ఆమ్లం చుక్క వేసి, ఏది చెదిరిందో ఏది నిలిచిందో చూసి మాట చెప్పేవాడు. అనుభవం పండిన కన్ను ఆశ్చర్యపడేంత దగ్గరగా చెప్పేది. అయినా ఆ కన్ను చూసేది రంగునే. పెట్టెలోని యంత్రం మాత్రం రంగు చూడదు, బరువు తూచదు, మెరుపును పట్టించుకోదు. గాజు మీదికి ఎక్స్ కిరణాలు పంపుతుంది. గాజులోని పరమాణువులు తమ సొంత ఎక్స్ కిరణాలతో బదులిస్తాయి. బంగారం బదులిచ్చేది ముఖ్యంగా 9.71 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర. రాగి 8.05 దగ్గర. ఈ బదుళ్ళనే అభిలాక్షణిక ఎక్స్ కిరణాలంటారు. వాటి స్థానాన్ని నిర్ణయించేది ఒక పూర్ణసంఖ్య, దాని పేరు పరమాణు సంఖ్య. బంగారానికి అది 79, రాగికి 29.

ఒక వస్తువును ఆ వస్తువుగా చేసేది ఏమిటి? రంగా, బరువా, మనం పెట్టిన పేరా, ఇంకేదైనానా? చాలా పాత ప్రశ్న ఇది. ఈ ప్రశ్నకు మన తర్కశాస్త్రమూ యూరప్ తత్త్వశాస్త్రమూ ఉదాహరణగా తీసుకున్నది కూడా బంగారాన్నే.

తర్కం మొదలుపెట్టే పిల్లలు ముందుగా పట్టే పుస్తకం తర్కసంగ్రహం. రాసినవాడు అన్నంభట్టు, పదిహేడో శతాబ్దం వాడు, తెలుగువాడని పండితులు చెబుతారు. తన పుస్తకానికి తానే దీపిక అనే వ్యాఖ్య రాసుకున్నాడు. అందులో బంగారం గురించి ఒక చర్చ ఉంది. ఎదుటి పక్షం వాడు అంటాడు: బంగారం పృథివీ ద్రవ్యమే, ఎందుకంటే పచ్చగా ఉంది, బరువుగా ఉంది, పసుపులాగా. వంటింటి పసుపుకొమ్మును పక్కన పెట్టి బంగారాన్ని తేల్చేద్దామన్నమాట. అన్నంభట్టు ఒప్పుకోడు. నెయ్యి పృథివీ ద్రవ్యం. దాన్ని బాగా మండిస్తే ద్రవత్వం పోతుంది. బంగారాన్ని ఎంత మంటలో ఎంతసేపు ఉంచినా కరిగే ఉంటుంది, ఆ ద్రవత్వం చెడదు. కనుక అది పృథివి కాదు. నీటిలా పుట్టుకతోనే ద్రవమూ కాదు, వేడి తగిలితేనే కరుగుతుంది. కాబట్టి జలమూ కాదు. అది తేజస్సు, గనిలో పుట్టిన తేజస్సు. మరి ఆ పచ్చదనం? అది బంగారంతో కలిసి ఉన్న పృథివీ భాగానిది.

ఈ వాదం తేల్చిన జవాబు నిలవలేదు. బంగారాన్నీ ఇంకా వేడి చేస్తూ పోతే మరిగి ఆవిరవుతుంది. దీన్ని పట్టుకుని మనవాళ్ళకు పరమాణు సంఖ్య ముందే తెలుసని చెప్పుకోవడం అన్నంభట్టుకు గౌరవం కాదు, ఆయన పడ్డ శ్రమను చిన్నబుచ్చడం. గౌరవించవలసింది ఆయన పట్టుదలను. కళ్ళెదుట ధగధగలాడుతున్న పచ్చదనాన్ని చూస్తూ, ఇది బంగారానిది కాకపోవచ్చు, నిప్పులో పెట్టినా మారనిదేదో అదే బంగారం అని నిలబడటం మామూలు ధైర్యం కాదు.

అదే శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ లాక్ ఇదే చోట తచ్చాడాడు. 1690 నాటి తన పెద్ద గ్రంథంలో మానవ బుద్ధి హద్దులను కొలుస్తూ, మాటిమాటికీ బంగారం దగ్గరికే వచ్చాడు. ఒక పసివాడు బంగారంలో పచ్చని మెరుపును మాత్రమే గమనించి, అదే రంగు నెమలి తోకలో కనిపిస్తే దాన్నీ బంగారమే అంటాడని ఆయన ఉదాహరణ. అన్నంభట్టు ఎదుటి పక్షానికి పసుపుకొమ్ము, లాక్ పసివాడికి నెమలి పింఛం! పెద్దవాళ్ళు ఇంకొన్ని గుణాలు కలుపుతారు: బరువు, సాగడం, కరగడం, ఒక్క ద్రావకంలో తప్ప కరిగిపోకపోవడం. ఇవన్నీ కలిపి మనం కట్టుకున్న మూట ఒకటి, ఆ గుణాలన్నిటికీ లోపల కారణమైన అసలు స్వరూపం మరొకటి అని లాక్ విడదీశాడు. ఆ అసలు స్వరూపం మనకు తెలియదని, తెలుస్తుందన్న ఆశ కూడా పెద్దగా పెట్టుకోకుండా వదిలేశాడు.

ఆ ఆశ నెరవేరడానికి 224 ఏళ్ళు పట్టింది.

మధ్యలో అందరూ నమ్ముకున్నది బరువును. 1869లో మెండెలీవ్ మూలకాలను పరమాణు భారం క్రమంలో పేర్చి ఆవర్తన పట్టిక కట్టాడు. బరువు పెరిగేకొద్దీ గుణాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. కానీ కొన్నిచోట్ల క్రమం తడబడింది. అయోడిన్ కన్నా టెలూరియం బరువు. అయినా గుణాలు చూస్తే టెలూరియమే ముందుండాలి. మెండెలీవ్ గుణాల వైపే మొగ్గి, టెలూరియం బరువును ఎవరో తప్పుగా తూచి ఉంటారనుకున్నాడు. తూనికలో తప్పు లేదు. నేటి లెక్కలోనూ టెలూరియం 127.60, అయోడిన్ 126.90. కోబాల్ట్ 58.93, దాని తర్వాత రావలసిన నికెల్ 58.69. ఆర్గాన్, పొటాషియంలదీ ఇదే తంతు. అంటే లోకమంతా వరసగా నిలబడి ఉంది, ఏ వరసో ఎవరికీ తెలియదు.

హాలెండులో వాన్ డెన్ బ్రూక్ అనే న్యాయవాది, భౌతికశాస్త్రం మీద ప్రేమకొద్దీ చదువుకున్నవాడు, 1911 నుంచి ఒక ఊహ చేస్తూ వచ్చాడు: పట్టికలో ఒక మూలకం ఎన్నో గడిలో ఉందో, దాని కేంద్రకంలో అంత విద్యుదావేశం ఉండవచ్చు. గడి సంఖ్య కేవలం మనం వేసుకున్న అంకె కాదేమో అన్న అనుమానానికి ఇదీ మొదలు. కేంద్రకం ఉందని రూథర్‌ఫర్డ్ మాంచెస్టర్‌లో చెప్పినదే 1911లో.

ఆ మాంచెస్టర్ ప్రయోగశాలకే 1910లో ఒక కుర్రవాడు వచ్చి చేరాడు. హెన్రీ మోస్లీ. 1887 నవంబర్ 23న వేమత్‌లో పుట్టాడు. తండ్రి చాలెంజర్ నౌక మీద సముద్రాలు చుట్టి జీవరాశులను పరిశీలించిన ప్రకృతి శాస్త్రవేత్త; కొడుకుకు నాలుగేళ్ళు నిండకముందే పోయాడు. చదువు ఈటన్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో. 1912లో జర్మనీ నుంచి ఎక్స్ కిరణాలు స్ఫటికంలో చెల్లాచెదురై చుక్కలు వేస్తాయన్న వార్త వచ్చింది. తర్వాత బ్రాగ్ తండ్రీకొడుకులు స్ఫటికంతో ఎక్స్ కిరణాల తరంగదైర్ఘ్యం కొలవవచ్చని చూపించారు. మోస్లీకి కావలసింది దొరికింది.

ఆయన సరంజామా చూస్తే ముచ్చటేస్తుంది. గాలి తీసేసిన గాజు గొట్టం. లోపల చిన్న పట్టాలు. పట్టాల మీద చిన్న బండి. బండి మీద వరసగా లోహపు ముక్కలు. బండికి చేపలు పట్టే పట్టుదారం కట్టి, ఇత్తడి కండెలకు చుట్టాడు. గొట్టం విప్పకుండా, లోపలికి గాలి పోనివ్వకుండా, కండె తిప్పితే బండి కదిలి తర్వాతి లోహం ఎలక్ట్రాన్ల ధారకు ఎదురుగా వచ్చి నిలుస్తుంది. ధార తాకిన లోహం ఎక్స్ కిరణాలు వదులుతుంది. అవి పొటాషియం ఫెర్రోసయనైడ్ స్ఫటికం మీద పడి, తమ తరంగదైర్ఘ్యాన్ని బట్టి ఒక్కొక్క కోణంలో వంగి, ఫోటో పలక మీద గీతలుగా పడతాయి. ఒక్కో లోహానికి రెండేసి గీతలు.

కాల్షియం నుంచి జింకు దాకా వచ్చిన ఫోటోలను ఒకదాని కింద ఒకటి అతికించి ప్రచురించాడు. 1913 డిసెంబర్ నాటి ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లోని ఆ బొమ్మ చూసినవాళ్ళకు వేరే వివరణ అక్కర్లేదు. గుడి కోనేటి మెట్లలా గీతలు పక్కకు జరుగుతూ దిగుతాయి. ఒక్కచోట మెట్టు జారినట్టుంటుంది. కాల్షియానికీ టైటేనియానికీ మధ్య స్కాండియం నమూనా ఆయన పెట్టలేదు. ఆ ఖాళీ అంత ఖాళీగానూ ఫోటోలో కనిపిస్తుంది. జింకు బదులు ఇత్తడి పెట్టాడు, అందుకే ఆ వరసలో జింకు గీతల పక్కన రాగి గీతలూ ఉన్నాయి.

మెట్లు నిజంగా సమానమా? ఫోనులో కాలిక్యులేటర్ ఉన్న ఎవరైనా చూసుకోవచ్చు. నేటి కొలతల్లో ఇనుము బలమైన గీత 6.40 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, కోబాల్ట్ 6.93, నికెల్ 7.48, రాగి 8.05. ఇది శక్తి, పౌనఃపున్యమూ ఇదే నిష్పత్తిలో పెరుగుతుంది. తేడాలు 0.53, 0.55, 0.57. సమానం కాదు. ఇప్పుడు వర్గమూలాలు తీయండి. 2.530, 2.632, 2.735, 2.837. తేడా ప్రతిసారీ 0.10 పైన పిసరంత. కాల్షియం 3.69, టైటేనియం 4.51, వాటి వర్గమూలాల తేడా 0.203, అంటే సరిగ్గా రెండు మెట్లు. మధ్యలో స్కాండియానికి చోటు విడిచే ఉంది. బరువు ప్రకారం తడబడ్డ కోబాల్ట్, నికెల్ ఇక్కడ తడబడలేదు. కోబాల్ట్ ముందు, నికెల్ తర్వాత. 27, 28.

వర్గమూలం ఒక్కొక్క మెట్టుకూ సమంగా పెరుగుతోందంటే పౌనఃపున్యం ఒక పూర్ణసంఖ్య వర్గాన్ని అనుసరించి నడుస్తోందన్నమాట. ఆ పూర్ణసంఖ్య పరమాణు సంఖ్యే, అందులోంచి ఒకటి తీసెయ్యాలి. రాగి 29 కదా, ఒకటి తీస్తే 28, దాని వర్గం 784. దాన్ని 10.2 ఎలక్ట్రాన్ వోల్టులతో గుణిస్తే దాదాపు 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఆ 10.2 ఎక్కడిదో కాదు, హైడ్రోజన్ పరమాణువుకు నీల్స్ బోర్ అదే ఏడాది వేసిన లెక్కలోనిది. తీసేసిన ఒకటి ఎవరిదంటే, కేంద్రకానికి అతి దగ్గరగా ఉండే గూటిలో ఇద్దరుంటారు. ధార దెబ్బకు ఒక ఎలక్ట్రాన్ ఎగిరిపోతే, పై గూటి నుంచి ఇంకొకటి ఆ ఖాళీలోకి దూకుతుంది, ఆ దూకుడే ఎక్స్ కిరణం. దూకేదానికీ కేంద్రకానికీ మధ్య మిగిలిన ఆ ఒక్క ఎలక్ట్రాన్ అడ్డుగా నిలిచి కేంద్రకం ఆవేశంలో సుమారు ఒక వంతును కప్పేస్తుంది.

లోపలి గూటి నుంచి వచ్చే మాట గనుకే అది ఇంత నమ్మకమైనది. రాగి ఎర్రన. రాగి చిలుము పచ్చన. మైలుతుత్తం నీలం. జింకు కలిపితే ఇత్తడి, పసుపు వన్నె. నాలుగు రూపాలు, నాలుగు రంగులు, నాలుగు వేరు వేరు స్వభావాలు. ఇవన్నీ బయటి ఎలక్ట్రాన్ల పనులు. పక్కన ఎవరుంటే వాళ్ళతో కలిసి రంగు మారుస్తాయి. లోపలి గూటికి ఇరుగుపొరుగుల గొడవ దాదాపు తెలియదు. నాలుగింటినీ యంత్రంలో పెడితే నాలుగూ 8.05 అనే అంటాయి. బంగారం కూడా అంతే. అతి చిన్న రేణువులుగా గాజులో కలిపితే కెంపులా ఎర్రబడుతుంది, పచ్చదనం జాడ ఉండదు, 79 మాత్రం చెక్కుచెదరదు. పచ్చదనం బంగారానిది కాదన్న అన్నంభట్టు కారణం తప్పు. పచ్చదనాన్ని నమ్మకపోవడం తప్పు కాదు.

1913 చివర్లో మోస్లీ ఆక్స్‌ఫర్డ్‌కు మారి పని కొనసాగించాడు. 1914 ఏప్రిల్‌లో రెండో వ్యాసం వచ్చింది. అల్యూమినియంతో మొదలుపెట్టి, దానికి 13 ఇచ్చి, మెట్టు మెట్టుగా పోయి, ఆగింది బంగారం దగ్గర, 79 మీద. లాక్ తెలియదన్నది అదే. బరువులో టంగ్‌స్టన్ బంగారానికి దాదాపు కవల. ఆర్కిమిడీస్ నీటి తొట్టి కూడా రెండింటినీ విడదీయలేక తికమకపడుతుంది. ఈ వరసలో టంగ్‌స్టన్ 74, ఎక్కడో ఐదు మెట్ల కింద.

వరసలో ఖాళీలూ తేలాయి. 43, 61, 75 లకు తెలిసిన మూలకమేదీ లేదని మోస్లీ చెప్పాడు. తర్వాత సవరింపులో 72 కూడా ఖాళీ అని తేలింది. అప్పటికే పారిస్‌లో ఉర్బేన్ అనే రసాయన శాస్త్రవేత్త, అరుదైన మృత్తికలను ఏళ్ళ తరబడి వేరుచేస్తూ, సెల్టియం అనే కొత్త మూలకం దొరికిందని ప్రకటించి ఉన్నాడు. 1914లో తన నమూనాలు పట్టుకుని ఆక్స్‌ఫర్డ్ వచ్చాడు. మోస్లీ వాటిని బండి మీద పెట్టి చూశాడు. ఎర్బియం, థులియం, ఇటెర్బియం, లుటీషియం గీతలు పడ్డాయి. సెల్టియం గీత పడలేదు. ఒక మనిషి జీవితంలో పెద్ద భాగం పట్టిన విశ్లేషణను ఈ యువకుడు కొద్ది రోజుల్లో తేల్చేశాడు. ఉర్బేన్ నొచ్చుకోలేదు, ఆ పద్ధతిని మనసారా మెచ్చుకున్నాడు. ఇలాంటి పెద్దమనసు ఏ శాస్త్రంలోనైనా అరుదే.

ఆ ఏడాదే యుద్ధం వచ్చింది. మోస్లీ అప్పుడు ఆస్ట్రేలియాలో సభలకు వెళ్ళి ఉన్నాడు. తిరిగొచ్చి, ఎవరెన్ని చెప్పినా వినకుండా రాయల్ ఇంజనీర్స్‌లో చేరాడు. 1915 ఆగస్టు 10న గల్లిపోలిలో, సందేశాలు పంపే అధికారిగా ఉండగా, తూటా తగిలి చనిపోయాడు. వయసు 27. పరికరాలనూ డబ్బునూ పరిశోధనల కోసం రాయల్ సొసైటీకి రాసిచ్చి వెళ్ళాడు. ఒడలు గగుర్పొడిచే మాట ఒక్కటే: ఆయన పరిశోధన మొత్తం అయిదేళ్ళు కూడా లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు రావాలి. బంగారం అంటే 79 అని ఒప్పుకుందాం. ఆ 79 ఎక్కడుంది? బంగారంలోనా, లెక్కపెట్టిన మోస్లీ బుద్ధిలోనా?

ఇది గడుసు ప్రశ్న కాదు. వైశేషికులు దీన్ని ఎంతో శ్రద్ధగా పట్టుకున్నారు. వాళ్ళకు సంఖ్య ఒక గుణం, రూపం, రసం, గంధం లాగే. అయితే ఒకటికీ, రెండు మొదలైన వాటికీ పెద్ద తేడా పెట్టారు. ఏకత్వం వస్తువుతోనే ఉంటుంది. రెండు అలా కాదు. అరుగు మీద రెండు కుండలున్నాయి. చూసేవాడికి "ఇది ఒకటి, ఇది ఒకటి" అనే బుద్ధి పుట్టినప్పుడే వాటిలో రెండు అనే సంఖ్య పుడుతుంది. ఆ బుద్ధి పోతే ఆ రెండూ పోతుంది. దానికి అపేక్షాబుద్ధి అని పేరు. సంఖ్య ఉండేది కుండల్లోనే, పుట్టించేది మాత్రం చూపు. అందుకే రెండు మొదలైన సంఖ్యలు ఎక్కడైనా అనిత్యాలేనని తర్కసంగ్రహం చెబుతుంది.

సుమారు వెయ్యేళ్ళ కిందట మిథిలలో ఉదయనాచార్యుడు ఈ చిన్న సూత్రంతో చాలా దూరం నడిచాడు. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం. ద్వ్యణుకానికి దాని పరిమాణం ఎక్కడిది? పరమాణువు పరిమాణం నుంచి రాదు. పరిమాణం తన జాతిదాన్నే ఇంకా ఎక్కువగా పుట్టిస్తుంది, అణువైన దాని నుంచి మరీ అణువైనదే పుట్టాలి. కనుక కారణం పరమాణువుల్లోని రెండు అనే సంఖ్యే. మరి సృష్టి మొదట్లో "ఇది ఒకటి, ఇది ఒకటి" అని చూసినది ఎవరు? మనుషులు లేరు. ఉన్నా పరమాణువులు వాళ్ళ కంటికి ఆనవు. కాబట్టి చూసినవాడు ఈశ్వరుడు. న్యాయకుసుమాంజలిలో ఈశ్వరుడున్నాడనడానికి చెప్పిన హేతువుల్లో ఇదొకటి. లెక్క ఉంది గనుక లెక్కించినవాడున్నాడు. దేవుణ్ణి కొండల్లో, మెరుపుల్లో, పూల రంగుల్లో చూపించినవాళ్ళు చాలామంది; రెండు అనే అంకెలో చూపించినవాడు ఉదయనుడు.

ఆయన ముందు మోస్లీ ఫోటో పెడితే ఏమనేవాడు? ఇది ఊహే, కానీ చెయ్యదగిన ఊహ. బహుశా ఇలా అనేవాడు: నువ్వు చూసింది సంఖ్యను కాదు, ఆవేశాన్ని. ఆవేశం ఎక్కువైతే కిరణం తీవ్రమవుతుంది. ఎక్కువతక్కువలు పరిమాణానికి చెందినవి, వాటికి చూపు అక్కర్లేదు. దాన్ని 79 అన్నది నీ అపేక్షాబుద్ధి. ఇది బలమైన జవాబు. నీళ్ళ కుండ బరువుగా ఉండటానికి అందులో ఎన్ని చెంబుల నీళ్ళున్నాయో ఎవరూ లెక్కించనక్కర్లేదు కదా.

అయినా ఈ జవాబు ఒకచోట ఆగిపోతుంది. కుండలో చెంబున్నర నీళ్ళు ఉండవచ్చు. కోబాల్ట్‌కూ నికెల్‌కూ మధ్య ఇరవై ఏడున్నర లేదు. బరువుల్లో 58.93, 58.69 లాంటి ముక్కలున్నాయి. ఈ మెట్లలో ముక్కల్లేవు. స్కాండియం లేనిచోట మెట్టు రెండింతలైంది తప్ప ఒకటిన్నర కాలేదు. కేవలం ఎక్కువతక్కువలైతే గీతలు జారుడుబండలా పడేవి, పడ్డది మెట్లదారి. అంటే లోపలున్నవి విడివిడిగా ఉన్నాయి, ఒకటి, ఒకటి, ఒకటిగా, ఎవరూ "ఇది ఒకటి" అనకముందే. ఇనుము కోట్ల ఏళ్ళుగా నక్షత్రాల్లో 26 లాగే ప్రవర్తిస్తోంది, చూసే కన్ను ఉన్నా లేకపోయినా. ఇక్కడ ఒక పక్షం తీసుకోక తప్పదు. అన్నీ తూచి చూస్తే సంఖ్య వస్తువులోనే ఉంది, మన చూపు దాన్ని పుట్టించదు, కలుసుకుంటుంది.

దీనివల్ల ఈశ్వరుడు లేడని తేలదు. ఉదయనుడి అనేక హేతువుల్లో ఒకదాని కింద ఉన్న ఒక మెట్టు కదిలింది, అంతవరకే. నిజానికి ఆయన ప్రశ్న పెద్దదైంది. లెక్కించేవాడు అక్కర్లేకుండానే ప్రపంచం లెక్కగా ఉందంటే, ఎందుకుంది? కోనేటి మెట్లు కట్టినవాళ్ళు లెక్కతో కట్టారని మనకు తెలుసు. ఈ మెట్లు ఎవరూ కట్టకుండానే ఉన్నాయనుకునేవాళ్ళకూ, కట్టినవాడున్నాడనుకునేవాళ్ళకూ ఆ ఫోటో ఒకేలా కనిపిస్తుంది, ఇద్దరినీ ఒకేలా నిలబెడుతుంది.

1970లో ప్రిన్‌స్టన్‌లో సాల్ క్రిప్కీ అనే తత్త్వవేత్త ఇదే బంగారాన్ని మళ్ళీ బల్ల మీదికి తెచ్చాడు. బంగారం సంఖ్య 79 అన్నది నిజమైతే, అది జరిగిపోయిన ఒక విశేషం కాదు, తప్పనిసరి నిజం. ఎంత పచ్చగా మెరిసినా 79 కానిది బంగారం కాదు, ఏ ఊహాలోకంలోనైనా సరే. ప్రయోగశాలలో కనుక్కున్న విషయం ఇలా తప్పనిసరి కావడం తత్త్వశాస్త్రంలో పెద్ద సంచలనమే. మన రసవాదుల కథ కూడా ఇక్కడే తెరపడుతుంది. వేమన చుట్టూ అల్లుకున్న కథల్లో సైతం వినిపించే ఆ రసవాదులు ఎక్కువగా నమ్ముకున్నది పాదరసాన్ని. పాదరసం 80. బంగారానికి ఒక్క మెట్టు పైన! యాదృచ్ఛికమే, కానీ ఎంత దగ్గర. ఆ ఒక్క మెట్టూ ఏ మూలికకూ ఏ పుటానికీ లొంగదు, ఎందుకంటే మంటలు తాకేది బయటి ఎలక్ట్రాన్లను.

ఖాళీల సంగతి మిగిలింది. తార్కికులకు అభావం కూడా ఒక పదార్థం. నేల మీద కుండ లేదు అన్నప్పుడు లేనిదేదో తెలిసి ఉండాలి. దాన్ని ప్రతియోగి అన్నారు. ఊరికే "లేదు" అన్న జ్ఞానం ఉండదు. మోస్లీ వదిలిన గడులు అలాంటి లేములే. 72 లేదు, 43 లేదు. ఏమి లేదో కచ్చితంగా తెలుసు, అది ఎక్కడ గీత గీస్తుందో ముందే తెలుసు. 1923లో కోపెన్‌హేగన్‌లో కోస్టర్, హెవెషీ జిర్కాన్ ఖనిజంలో ఆ గీతల కోసమే వెతికి 72ను పట్టుకున్నారు. ఆ నగరం లాటిన్ పేరు మీద దానికి హాఫ్నియం అని పేరు పెట్టారు. 1925లో 75 దొరికింది, రీనియం.

43 మాత్రం గనుల్లో చేతికి చిక్కలేదు. 1937లో ఇటలీలోని పలెర్మోలో పెర్రియే, సెగ్రే ఒక మాలిబ్డినం రేకులో దాన్ని పట్టుకున్నారు. మాలిబ్డినం 42, కాలిఫోర్నియాలోని సైక్లోట్రాన్‌లో దెబ్బలు తిన్న ఆ రేకులో కొన్ని పరమాణువులు ఒక మెట్టు ఎక్కాయి. దాని పేరు టెక్నీషియం. ఇవాళ ఎముకల స్కాన్‌కో గుండె స్కాన్‌కో వెళ్ళినవాళ్ళ చేతి నరంలోకి ఎక్కించే మందులో తరచుగా ఉండేది ఇదే, టెక్నీషియం 99ఎమ్. ఆరు గంటలకు సగం చొప్పున అది గామా కిరణం వదిలి నెమ్మదిస్తుంది. ఆ కిరణాన్నే బల్ల పైనున్న కెమెరా పట్టుకుంటుంది. కిరణం పోయాక కూడా అది 43 గానే ఉంటుంది, ఇంకా టెక్నీషియమే. రెండు లక్షల ఏళ్ళకు పైగా గడిస్తే అందులో సగం మరో మెట్టు ఎక్కి 44 అవుతుంది. అప్పుడు దాన్ని టెక్నీషియం అనరు, రుథీనియం అంటారు.